థోర్ సుత్తిని దొంగ ఎలా ఎత్తుకుపోయాడు? నార్స్ పురాణం మార్వెల్ సినిమా అయ్యేసరికి మారినవేమిటి

ఒకరోజు పిడుగుల దేవుడు థోర్ నిద్రలేచి చూసేసరికి పక్కన సుత్తి లేదు. గడ్డం అదిరిపోతుంటే కోపంగా చుట్టూ తడుముకున్నాడు. ఎక్కడా దొరకలేదు. దేవతలకు బద్ధశత్రువులైన మహాకాయుల జాతి ఒకటుంది, వాళ్లని యోటున్లు అంటారు. ఆ యోటున్ల రాజు థ్రిమ్ దాన్ని ఎత్తుకుపోయి, భూమిలో ఎనిమిది క్రోసుల లోతున దాచిపెట్టాడు. ఫ్రేయా దేవతను తనకిచ్చి పెళ్లి చేస్తేనే తిరిగి ఇస్తానన్నాడు. ఫ్రేయా మండిపడి కుదరదంది. చివరికి దేవతల కాపలాదారు హైమ్‌డాల్ ఇచ్చిన సలహా మీద థోరే పెళ్లికూతురి వేషం కట్టాడు. ముఖం మీద మేలిముసుగు, మెడలో ఫ్రేయా హారం, నడుముకు తాళంచెవుల గుత్తి. పక్కన చెలికత్తె వేషంలో మాయలమారి లోకి.

పెళ్లివిందులో ఆ పెళ్లికూతురు ఒక ఎద్దునీ ఎనిమిది సాల్మన్ చేపల్నీ తినేసి, మూడు పీపాల తేనెసారా తాగింది. పెళ్లికొడుకు బిత్తరపోయాడు. 'మీ మీద బెంగతో పిల్ల ఎనిమిది రాత్రులుగా పచ్చిమంచినీళ్లు ముట్టలేదు' అన్న అర్థం వచ్చేలా లోకి సర్దిచెప్పాడు. పెళ్లి తంతు కోసం సుత్తిని తెప్పించి వధువు ఒళ్లో పెట్టారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఇది ఐస్‌లాండ్‌లో దొరికిన ఒక పాత పద్యకథ, నార్స్ పురాణంలో, అంటే ఉత్తర ఐరోపా ప్రజల పాత దేవతల కథల్లో ఒకటి. మార్వెల్ సినిమాల ద్వారా థోర్‌కి అభిమానులైనవాళ్లకి ఇది చదవగానే వచ్చే సందేహం ఒకటే. అర్హత లేనివాడు ఆ సుత్తిని అంగుళం కూడా కదపలేడు కదా, మరి దొంగ ఎలా పట్టుకుపోయాడు? 2015లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్'లో పార్టీ అయ్యాక హీరోలందరూ వరసగా వచ్చి సుత్తిని లాగి చూసే సీను ఆ నియమం మీదే నడుస్తుంది. 2019లో 'ఎండ్‌గేమ్'లో అది కెప్టెన్ అమెరికా చేతిలోకి ఎగిరొచ్చినప్పుడు థియేటర్లలో ఈలలు మోగింది కూడా అందుకే. పురాణంలో మాత్రం ఆ నియమం లేనే లేదు. అక్కడ మ్యోల్నిర్ అనే ఆ సుత్తి ఒక ఆయుధం, అంతే. అది విసిరితే గురి తప్పదు, తిరిగి చేతికే వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి థోర్ ఇనప చేతితొడుగులు వేసుకుంటాడు, బలం రెట్టింపు చేసే నడికట్టు కట్టుకుంటాడు. అయితే ఆ సుత్తి ఎవరి మంచిచెడ్డలూ తూచదు. దొంగ చేతికి చిక్కితే దొంగదే.

ఈ ఒక్క తేడాని పట్టుకుంటే మిగతా చిక్కుముళ్లన్నీ విడిపోతాయని నా నమ్మకం. సినిమాలు నార్స్ పురాణం నుంచి పేర్లు, లోకాలు, ఆయుధాలు, చుట్టరికాలు తీసుకున్నాయి. కథను నడిపే ఇంజన్‌ని మాత్రం మార్చేశాయి. పురాణాన్ని నడిపేది విధి. అక్కడ దేవుళ్లకి తమ చావు ఎలా ఉంటుందో, ఎవరి చేతిలో ఉంటుందో ముందే తెలుసు. సినిమాను నడిపేది అర్హత. అక్కడ హీరో తప్పుచేసి, నేర్చుకుని, నిరూపించుకోవాలి.

అర్హత అనే ఆలోచన 1962లో వచ్చింది

ఆ ఏడాది ఆగస్టు తేదీతో వచ్చిన 'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచికలో థోర్ మొదటిసారి మార్వెల్ హీరోగా కనిపించాడు. కథ స్టాన్ లీది, స్క్రిప్టు ఆయన తమ్ముడు లారీ లీబర్‌ది, బొమ్మలు జాక్ కర్బీవి. అందులో అసలు హీరో డోనాల్డ్ బ్లేక్ అనే అమెరికన్ డాక్టర్. కాలు సరిగా లేదు, కర్ర ఊతంతో నడుస్తాడు. నార్వేకి సెలవులకి వెళ్తే అక్కడ శనిగ్రహం నుంచి దిగిన రాతిమనుషులు కంటపడతారు. పారిపోయి ఒక గుహలో చిక్కుకుంటాడు. దారికి అడ్డంగా బండ. అక్కడ దొరికిన పాత కర్రతో దాన్ని జరపబోయి, చేతకాక విసుగుతో బండకేసి కొడతాడు. కర్ర సుత్తి అవుతుంది, డాక్టర్ థోర్ అవుతాడు. సుత్తి పక్కన చెక్కి ఉన్న మాటల సారాంశం: దీన్ని పట్టినవాడు అర్హుడైతే థోర్ శక్తి అతనిదే.

ఉత్తరదేశపు దేవుడి కథని అమెరికా తన కథగా చేసుకున్నది ఆ పేజీలోనే. వంశం వల్ల వచ్చే దైవత్వం పోయి, యోగ్యుడైన మామూలు మనిషికి దక్కే దైవత్వం వచ్చింది. రాతిలో దిగిన కత్తిని లాగి రాజైన ఆర్థర్ కథ ఛాయలు ఇందులో ఉన్నాయి. నార్స్ ఛాయలు తక్కువే.

2011లో కెన్నెత్ బ్రానా తీసిన 'థోర్' ఈ అర్హతనే తీసుకుని దాన్ని తండ్రీకొడుకుల కథగా మలిచింది. షేక్‌స్పియర్ నాటకాలను తెరకెక్కించి పేరు తెచ్చుకున్న దర్శకుడు బ్రానా. ముసలి రాజు, ఇద్దరు కొడుకులు, ఆగిపోయిన పట్టాభిషేకం, బహిష్కారం, ఇదంతా ఆయనకి బాగా తెలిసిన సామాను. దేవతల రాజు ఓడిన్, తన కొడుకు థోర్ కవచాన్ని ముక్కలుముక్కలుగా పీకేసి, శక్తులు తీసేసి, న్యూమెక్సికో ఎడారిలోకి విసిరేస్తాడు. తర్వాత సుత్తిని పెదవుల దగ్గరికి తెచ్చుకుని ఆ 1962 నాటి మాటల్ని దానికి గుసగుసగా చెప్పి, దాన్నీ విసిరేస్తాడు. కోపం అణుచుకోలేని తండ్రి సుత్తి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడతాడు, కొడుకు తిరిగి రావడానికి ఒక దారి మిగిల్చి పంపుతాడు. ఆంథనీ హాప్కిన్స్ ఆ ఒక్క క్షణంలో చూపించిన మార్పు నాకు ఈ సినిమాలన్నిట్లోకీ ఇష్టమైన నటన.

పురాణంలో ఓడిన్ థోర్‌ని బహిష్కరించిన సందర్భం లేదు. సింహాసనం గొడవ కూడా లేదు. ఓడిన్ ఎత్తుగడల దేవుడు, కవులకీ రాజులకీ ఇష్టుడు. జ్ఞానం కోసం మిమిర్ బావి దగ్గర కన్ను తాకట్టుపెట్టినవాడు. సినిమాలో మాత్రం ఆ కన్ను యుద్ధంలో పోతుంది. థోర్ రైతుల దేవుడు, వాన కురిపించేవాడు, ఎర్ర గడ్డంవాడు. మేకలు లాగే రథం మీద తిరుగుతాడు. ఆకలేస్తే ఆ మేకల్నే వండుకు తిని, తోళ్ల మీద ఎముకలు పరిచి, తెల్లారి సుత్తితో మళ్లీ బతికిస్తాడు. 2022లో వచ్చిన 'లవ్ అండ్ థండర్'లో గొంతు చించుకుని అరిచే ఆ రెండు మేకలు అక్కడినుంచి వచ్చినవే.

అసలు కథ ఎంతవరకు అసలు

'మార్వెల్ వాళ్లు పురాణాన్ని పాడుచేశారు' అనేవాళ్లున్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పురాణం మన చేతికి ఎలా వచ్చిందో చూడాలి.

ఐస్‌లాండ్ సుమారు క్రీ.శ. 1000లో క్రైస్తవంలోకి మారింది. నార్స్ దేవుళ్ల గురించి మనకున్న పెద్ద వచన గ్రంథం 'ఎడ్డా'ని స్నోరి స్టర్లుసన్ 1220 ప్రాంతంలో రాశాడు, అంటే మతం మారిన రెండు వందల ఏళ్లకి. స్నోరి క్రైస్తవుడు, కవి, రాజకీయ నాయకుడు. 1241లో నార్వే రాజుతో వచ్చిన వైరంలో రేక్‌హోల్ట్‌లోని సొంత ఇంట్లోనే హత్యకి గురయ్యాడు. పాత దేవుళ్ల కథలు తెలియకపోతే కొత్త కవులకి పాత పద్యాలు అర్థంకావని ఆయన బాధ. అందుకే రాశాడు. ఆ దేవుళ్లు నిజానికి ట్రాయ్ నుంచి వలసవచ్చిన మనుషులేనని ముందుమాటలో ఒక వివరణ కూడా చేర్చాడు. పద్యకథలున్న ముఖ్యమైన తాళపత్రంలాంటి ప్రతి, అంటే తోలు మీద రాసిన 'కోడెక్స్ రీజియస్', 1270 ప్రాంతానిది. అది 1643లో ఒక బిషప్ చేతికి వచ్చింది, 1662లో డెన్మార్క్ రాజుకి కానుకగా వెళ్లింది, 1971లో యుద్ధనౌక మీద ఐస్‌లాండ్‌కి తిరిగొచ్చింది. రేవులో జనం దానికి స్వాగతం పలికారు.

డెన్మార్క్ నేషనల్ మ్యూజియంలో ట్రెండ్‌గోర్డన్ అనే చోట దొరికిన సబ్బురాయి అచ్చు ఒకటుంది. దాన్ని చెక్కినవాడు లోహపు పనివాడు. ఒకే రాయి మీద క్రైస్తవ శిలువల గుంటలూ ఉన్నాయి, థోర్ సుత్తి గుంటా ఉంది. కరిగించిన లోహం పోస్తే ఏ భక్తుడికి కావలసిన లాకెట్టు వాడికి తయారు. మతం మారే రోజుల్లో జనం ఎలా బతికారో ఆ చిన్న రాయి చెప్పినంత బాగా గ్రంథాలు చెప్పవు. అలాంటి కలగాపులగపు కాలంలోంచే ఈ కథలు మనదాకా వచ్చాయి.

మధ్యలో మరో మజిలీ కూడా ఉంది. 1876లో జర్మనీలోని బేరాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ ఒపేరాల కోసం కార్ల్ ఎమిల్ డోప్లర్ వేసిన దుస్తుల డిజైన్లతో కొమ్ముల శిరస్త్రాణాలు ప్రపంచమంతా పాకాయి. వైకింగులు యుద్ధంలో కొమ్ముల టోపీలు పెట్టుకున్న ఆధారాలు లేవు. ఆ రంగస్థలపు ఊహే కామిక్స్‌లోకి, అక్కడినుంచి లోకి తలమీదికి చేరింది.

మనకిది కొత్త సంగతేమీ కాదు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు, అయినా ఆమె పెళ్లికథ లేని భారతాన్ని తెలుగువాళ్లు ఊహించుకోలేరు. మార్పు జరిగిందా అని అడిగితే జవాబు ఎప్పుడూ జరిగిందనే వస్తుంది. మార్పు వల్ల ఏం పోయింది, ఏం వచ్చింది అని అడిగితేనే ఉపయోగం.

శత్రువులే చుట్టాలు

2011 సినిమాలో పెద్ద ట్విస్ట్: లోకి తను ఓడిన్ కొడుకుని కాదని, మంచు రాక్షసుల రాజు లాఫీ బిడ్డనని తెలుసుకోవడం. పురాణంలో ఇది రహస్యమే కాదు. అక్కడ లాఫీ లోకి తల్లి. సినిమా ఆమెను మగవాణ్ని చేసి రాజుని చేసింది. పురాణపు లోకి ఓడిన్‌కి పెంపుడు కొడుకూ కాడు, థోర్‌కి అన్నదమ్ముడూ కాడు. ఓడిన్‌తో రక్తం కలుపుకుని అన్నదమ్ములుగా ప్రమాణం చేసుకున్నవాడు. ఆ లెక్కన థోర్‌కి వరసకి బాబాయి అవుతాడు.

యోటున్లకీ దేవతలకీ మధ్య గీత కూడా అంత స్పష్టంగా ఉండదు. ఓడిన్ తల్లి బెస్ట్‌లా యోటున్ల ఆడపడుచు. థోర్ తల్లి యోర్ద్, అంటే భూమి, ఆమెదీ ఆ వంశమే. రోజూ యోటున్ల తలలు పగలగొట్టే థోర్ తల్లివైపు వాళ్ల మనవడే. దితి, అదితి ఇద్దరూ కశ్యపుడి భార్యలేనని, దైత్యులూ ఆదిత్యులూ సవతి తల్లుల బిడ్డలని తెలిసిన పాఠకులకి ఇది వెంటనే అర్థమవుతుంది. పిడుగు ఆయుధంగా గల ఇంద్రుడు వృత్రుణ్ని చంపడం, థోర్ మహాసర్పంతో తలపడటం రెండూ ఒకే పాత ఇండో-యూరోపియన్ కథకు కొమ్మలని పండితులు చాలామంది అంటారు.

సినిమా ఈ చుట్టరికాల చిక్కుని తీసేసి, రెండు జాతుల మధ్య గోడ కట్టింది. నష్టమే. కానీ ఆ గోడ వల్ల ఒక గొప్ప పాత్ర పుట్టింది. చిన్నప్పటి నుంచి ఏ జాతిని రాక్షసులని విన్నాడో ఆ జాతివాడినే అని తెలిసిన కుర్రాడు, తండ్రి మెప్పు కోసం ఆ జాతి మొత్తాన్నీ తుడిచిపెట్టబోతాడు. ఈ బాధ పురాణపు లోకికి లేదు. టామ్ హిడిల్‌స్టన్ దాన్ని నమ్మించాడు కాబట్టే థోర్ కంటే లోకికే ఎక్కువమంది మనసు ఇచ్చారు.

బాల్డర్ ఎక్కడ?

నాలుగు థోర్ సినిమాల్లో అన్నిటికంటే పెద్ద మార్పు తెర మీద కనిపించదు. అది లేకుండాపోయిన ఒక పాత్ర.

బాల్డర్ ఓడిన్, ఫ్రిగ్‌ల కొడుకు, దేవతలందరికీ ప్రాణం. అతనికి చావు కలలు వస్తున్నాయని తల్లి ఫ్రిగ్ లోకంలోని ప్రతి వస్తువు దగ్గరా ఒట్టు వేయించుకుంది. నిప్పు, నీరు, ఇనుము, రాళ్లు, చెట్లు, జబ్బులు, పాములు, అన్నీ బాల్డర్‌కి హాని చేయబోమని మాటిచ్చాయి. ఇంకేముంది, దేవతలకి అదొక ఆట అయింది. అతణ్ని మధ్యలో నిలబెట్టి కత్తులు విసిరేవాళ్లు, రాళ్లు వేసేవాళ్లు. ఏదీ తగిలినా నొప్పెట్టేది కాదు. లోకి ఆడవేషంలో ఫ్రిగ్ దగ్గరికి వెళ్లి కూపీ లాగాడు. మిసిల్‌టో అనే బదనిక మొక్క మరీ లేతదని దాని దగ్గర ఒట్టు తీసుకోలేదని ఆమె నోరుజారింది. లోకి ఆ కొమ్మ తెచ్చి, ఆటలో పాల్గొనలేక పక్కన నిలబడ్డ గుడ్డి దేవుడు హోద్ చేతిలో పెట్టాడు. 'నువ్వూ విసురు, నేను దిక్కు చూపిస్తాను' అన్నాడు. కొమ్మ దూసుకుపోయింది. బాల్డర్ చచ్చిపోయాడు.

తర్వాతి భాగం ఇంకా బరువైనది. లోకంలో ప్రతిదీ బాల్డర్ కోసం ఏడిస్తే వెనక్కి పంపుతానని మృత్యులోకపు రాణి హెల్ అంది. రాళ్లు కూడా ఏడ్చాయి. ఒక గుహలో కూర్చున్న ముసలిది మాత్రం ఏడవనంది. ఆ ముసలిది లోకియేనని జనం అనుకున్నారు. దేవతలు లోకిని పట్టుకుని, అతని సొంత కొడుకు పేగులతోనే బండలకి కట్టేశారు. పైనుంచి పాము విషం ముఖం మీద పడుతూ ఉంటుంది. భార్య సిగిన్ గిన్నె పట్టుకుని కాపాడుతుంది. గిన్నె నిండి పారబోయడానికి ఆమె పక్కకి వెళ్లినప్పుడు లోకి గిలగిల కొట్టుకుంటాడు. భూకంపాలు అప్పుడే వస్తాయి.

నార్స్ పురాణానికి ఇదే ఇరుసు. ఇక్కడినుంచి వెనక్కి తిరగడం కుదరదు, ప్రళయం ఖాయం. కామిక్స్‌లో బాల్డర్ ఉన్నాడు. సినిమాల్లో లేడు. దానికి కారణం నిర్మాతలు ఏం చెప్పుకున్నా, ఫలితం మాత్రం స్పష్టం. బాల్డర్ ఉంటే లోకిని క్షమించడం సాధ్యం కాదు. బాల్డర్ లేడు కాబట్టే లోకి ఒక సినిమా తర్వాత ఒక సినిమాలో మోసం చేసి, మళ్లీ దగ్గరవగలుగుతాడు.

అయినా ఆ కథ నీడ పూర్తిగా పోలేదు. 2013లో వచ్చిన 'ద డార్క్ వరల్డ్'లో జైల్లో ఉన్న లోకి, తప్పించుకున్న శత్రువుకి ఎడమవైపు మెట్లెక్కమని ఉత్త కసితో దారి చెబుతాడు. ఆ దారిలో వెళ్లినవాడి దాడిలో చనిపోయేది లోకిని పెంచిన ఫ్రిగ్గా. తన చేత్తో చంపడు, ఎదుటివాడికి దిక్కు చూపిస్తాడు. హోద్ చెయ్యి పట్టుకుని చూపించినట్టే. దర్శకుడు అలన్ టేలర్ సినిమాని చాలామంది తేలిగ్గా తీసేస్తారు గానీ, ఆ ఒక్క డైలాగ్‌లో పాత పురాణం గుండె ఉంది. ఇక 2023లో ముగిసిన 'లోకి' సిరీస్‌లో అతను కాలధారలన్నిటినీ చేతుల్లో పట్టుకుని, కదలకుండా సింహాసనంలో ఒంటరిగా ఉండిపోతాడు. ఆ ధారలు పురాణంలో లోకాలన్నిటినీ మోసే యగ్‌డ్రసిల్ మహావృక్షం ఆకారం తీసుకుంటాయి. పురాణంలో శిక్షగా కట్టుబడ్డవాడు ఇక్కడ ఇష్టపడి కట్టుబడ్డాడు. విధి స్థానంలోకి అర్హత ఎలా వచ్చిందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ప్రళయం

పురాణంలో రాగ్నరాక్ ముందే చెప్పేసిన ముగింపు. ఫెన్రిర్ తోడేలు ఓడిన్‌ని మింగుతుంది. థోర్ మహాసర్పం యోర్ముంగాండ్‌ని చంపి, దాని విషానికి తొమ్మిదడుగులు వేసి పడిపోతాడు. లోకి, హైమ్‌డాల్ ఒకరినొకరు చంపుకుంటారు. సుర్ట్ అనే నిప్పు రాక్షసుడు లోకాన్ని కాల్చేస్తాడు. ఆ తర్వాత సముద్రంలోంచి పచ్చటి నేల మళ్లీ పైకి లేస్తుంది, బాల్డర్ తిరిగొస్తాడు, సుత్తి థోర్ కొడుకులకి దక్కుతుంది.

2017లో టైకా వైటీటీ తీసిన 'రాగ్నరాక్' కథాపరంగా అన్నిటికంటే దూరం జరిగింది. పురాణంలో హెల్ లోకి కూతురు, సినిమాలో హేలా ఓడిన్ పెద్దకూతురు. సుర్ట్‌ని, సినిమాలో సర్టర్‌ని, థోరే కావాలని నిద్రలేపించి, హేలాని ఆపడానికి సొంత ఊరినే కాల్పిస్తాడు. జనాన్ని మాత్రం ఓడలో దాటిస్తాడు. వాళ్లు తర్వాత నార్వేలోని టోన్స్‌బర్గ్‌లో ఇళ్లు కట్టుకుంటారు. అయినా నాలుగింటిలోకీ పురాణానికి దగ్గరగా ఉన్నది ఇదేనని నా అభిప్రాయం. లోకం తగలబడక తప్పదని, బతుకు ఆ తర్వాత కూడా సాగుతుందని ఒప్పుకున్న సినిమా ఇదొక్కటే. పెళ్లికూతురి వేషం కట్టిన థోర్‌లోని నవ్వు కూడా దీంట్లోనే బతికింది.

ఇందులో హేలా దర్బారు పైకప్పుని పగలగొట్టే సీను ఉంది. శాంతి, విందులు, దయగల రాజు ఉన్న అందమైన చిత్రాలు పెచ్చులూడి పడతాయి. వాటి కింద ఇంకో వరస బొమ్మలుంటాయి, హేలా ముందుండగా లోకాల్ని నరుక్కుంటూ పోయిన ఓడిన్‌వి. ఇంత బంగారం ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారని ఆమె నిలదీస్తుంది. మావోరీ మూలాలున్న న్యూజీలాండ్ దర్శకుడి చేతిలో ఆ ప్రశ్నకి ఉన్న పదును వేరు. పురాణపు ఓడిన్ కూడా మాట తప్పేవాడే, యుద్ధాలు రగిలించేవాడే. 2011లో దయామయుడైన తండ్రిగా కనిపించిన ఓడిన్‌ని, ఆ పైకప్పు కూలిన నిమిషంలో సినిమా తిరిగి పురాణానికి అప్పగించింది.

సినిమాలు ఇంకా ముట్టుకోని కథ

స్నోరి చెప్పిన కథల్లో థోర్ ఓడిపోయే కథ ఒకటుంది. ఉట్‌గార్డ్ అనే యోటున్ల కోటలో రాజు అతనికి మూడు పందేలు పెడతాడు. కొమ్ములోని పానీయం ఖాళీ చేయాలి. మూడు గుక్కల్లోనూ కుదరదు, కొంచెం మాత్రమే తగ్గుతుంది. నేల మీదున్న పిల్లిని ఎత్తాలి. ఒక్క పాదమే లేస్తుంది. ఒక ముసలామెతో కుస్తీ పట్టాలి. మోకాలి మీద పడిపోతాడు. మర్నాడు కోట బయటికి సాగనంపి రాజు నిజం చెబుతాడు. కొమ్ము రెండో కొస సముద్రంలో ఉంది, నువ్వు తాగినందుకే సముద్రానికి పోటుపాట్లు వచ్చాయి. ఆ పిల్లి లోకాన్ని చుట్టుకున్న మహాసర్పం, నువ్వు దాని పాదం ఎత్తినప్పుడు మేమంతా హడలిపోయాం. ఆ ముసలామె వృద్ధాప్యం, ఆమె ముందు ఒక్క మోకాలితో సరిపెట్టుకున్నవాడు ఇంతవరకు లేడు.

'ఎండ్‌గేమ్'లో పొట్ట పెరిగి, గడ్డం మాసి, తాగుడులో మునిగిన థోర్ దీనికి కొంత దగ్గరగా వచ్చాడు. అయితే అక్కడ కూడా అతను చెయ్యి చాపగానే సుత్తి ఎగిరొచ్చి, ఇంకా అర్హుడివేనని తేల్చేసింది. ఉట్‌గార్డ్‌లో అలా తేల్చే సుత్తి లేదు. నిజం తెలిసి థోర్ కోపంతో సుత్తి ఎత్తేసరికి రాజూ లేడు, కోటా లేదు, ఎదురుగా ఖాళీ మైదానం. క్రిస్ హెమ్స్‌వర్త్ ఆ వేషంలో ఇంకోసారి తెర మీదికి వస్తే నేను చూడాలనుకునేది ఆ ముసలామెతో కుస్తీ.